వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి, కార్యవర్గ సభ్యులకు, సభ్య మిత్రులకు నమస్కారం.

ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 వరకు మన ఫుట్‌బాల్ అభిమానుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. కిందటేడు కోరం చాలక సమావేశాన్ని అరగంట వాయిదా వేసి, నిబంధన ప్రకారం అదే హాల్లో, అవే కుర్చీల్లో, అదే పంతొమ్మిది మందిమి మళ్లీ కూర్చున్నాం. ఈసారి ఇది చదివే సమయానికి ఎంతమంది ఉంటారో తెలియదు కాబట్టి కాస్త వివరంగానే రాసి పెడుతున్నాను. రాలేని వాళ్లు తీరిక దొరికినప్పుడు చదువుకోవచ్చు. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే, మళ్లీ రాయడం లేదు.

ముందు ఒక మాట. ఈ నివేదికలో సభ్యుల పేర్లు ఉండవు. కిందటేడు పేరుపేరునా కృతజ్ఞతలు రాస్తే ముగ్గురి పేర్లు జారిపోయాయి. వారిలో ఒకరు ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు, ఇంకొకరు చందా ఆపేశారు. అందుకని ఈసారి హోదాతోనో, చేసిన పనితోనో మాత్రమే రాయాలని కార్యవర్గం తీర్మానించింది. ఎవరికి వారు గుర్తుపట్టుకోగలరు.

ఈ ఏడాది హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ వెతుక్కుంటూ వచ్చిందనాలి. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనే జరిగింది. 3వ తేదీన మారిషస్‌తో ఇండియా 0–0తో సరిపెట్టుకుంది. 9వ తేదీన సిరియా చేతిలో 0–3తో ఓడింది, కప్పు సిరియా పట్టుకుపోయింది. ఒకప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు అందించిన మనోలో మార్కెజ్ ఇండియా కోచ్‌గా మొదలుపెట్టింది ఇక్కడే కాబట్టి మనవాళ్లు చాలా ఆశ పెట్టుకుని వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. నవంబరు 18న మలేసియాతో స్నేహపూర్వక మ్యాచ్ 1–1గా ముగిసింది. మన గోల్ కొట్టింది రాహుల్ భేకే, అంటే డిఫెండర్. గాయంతో నెలల తరబడి దూరమైన సందేశ్ జింగన్ ఆ రోజే జట్టులోకి తిరిగొచ్చాడు. డిసెంబరులో రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండు మొత్తం మన ఊళ్లోనే జరిగింది. ఆతిథ్య జట్టయిన తెలంగాణ క్వార్టర్ ఫైనల్స్ దాకా రాలేదు. 31వ తేదీ రాత్రి ఫైనల్లో ఆఖరి నిమిషాల్లో రొబి హన్స్‌దా కొట్టిన గోల్‌తో బెంగాల్ 1–0తో కేరళను ఓడించి 33వ సారి ట్రోఫీ తీసుకుంది.

సంతోష్ ట్రోఫీ అనగానే మన పెద్దలు 1956–57, 1957–58 అంటారు. వరసగా రెండేళ్లు హైదరాబాద్ గెలిచిన ట్రోఫీ అది. ఆ తర్వాత 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచాం. దాని తర్వాత లేదు. ఈ విషయం స్టేడియంలో నా పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ కుర్రాడికి చెబితే, "అంకుల్, నిజమా?" అని ఫోన్ తీసి చూసుకున్నాడు.

ఈ మ్యాచులకు మూడుసార్లు సికింద్రాబాద్ నుంచి బస్సు మాట్లాడాం. నలభై సీట్ల బస్సుకు మొదటిసారి ముప్పై ఆరు మంది వచ్చారు, రెండోసారి ఇరవై రెండు, ఫైనల్‌కు పదిహేడు. డిసెంబరు 31 రాత్రి కదా అన్నారు. నిజమే. కానీ పేర్లు ఇచ్చిన వాళ్లు నలభై మంది. రాకపోతే ముందురోజు ఒక మెసేజ్ పెట్టడానికి ఏం పోయింది? ఖాళీ సీట్ల డబ్బు సంఘం మీద పడకుండా కోశాధికారి గారు, ఉపాధ్యక్షులు సొంతంగా భరించారు. ఇది వాళ్లు రాయొద్దన్నారు, నేను రాస్తున్నాను.

ఇక ఈ ఏడాది మనం తలెత్తుకుని చెప్పుకోగలిగిన కార్యక్రమం దగ్గరికి వస్తాను.

2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరామ్ గారు పోయారు. మన అమ్ముగూడలో పుట్టి, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన మనిషి, చివరికి బెంగాల్లోనే కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టు 15న మన ఊరి ఆటగాడే, మహమ్మద్ హబీబ్ గారు పోయారు. రెండుసార్లూ మనం చేసింది ఒకటే. పేపర్లో వార్త చూసి, కాలనీ హాల్లో ఫోటో పెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించి, టీ తాగి ఇంటికి వెళ్లాం. హబీబ్ గారి సంతాప సభలోనే మన రైల్వే రిటైర్డ్ సభ్యులొకరు లేచి, "ప్రతిసారీ పేపరోడు చెబితేనే మనకు గుర్తొస్తుందా? ఏ వార్తా లేని రోజున ఒకరిని గుర్తు చేసుకుందాం, అది కూడా ఎవరూ గుర్తు చేసుకోని డిఫెండర్‌ని" అన్నారు. అది అలా మినిట్స్ పుస్తకంలో ఉండిపోయింది. ఏడాదిన్నర తర్వాత, సంతోష్ ట్రోఫీ ఊళ్లో జరుగుతున్న వారంలో, 22 డిసెంబరు 2024 ఆదివారం సాయంత్రం అది జరిగింది. ఆ సాయంత్రం పూర్తిగా మన ఊరి డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ ఆట గురించే.

ఎవరినీ స్టేజీ ఎక్కించి శాలువా కప్పి ఫోటో దిగే సభ కాకూడదని కార్యవర్గం ముందే అనుకుంది. సన్మానాలు చేసే సంఘాలు ఊళ్లో చాలా ఉన్నాయి. ఆట గురించి రెండు గంటలు కూర్చుని మాట్లాడుకునే వాళ్లు తక్కువ. పైగా ముఖ్య అతిథి అంటూ ఉంటే ఆయన వచ్చేదాకా సభ మొదలవదు, ఆయన వెళ్లగానే ఖాళీ అవుతుంది.

మన పిల్లల కోసం కొంచెం నేపథ్యం రాయాలి. నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. రహీమ్ సాబ్ అని మనం చెప్పుకునే స్కూలు మాస్టరు సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ ఊరి ఫుట్‌బాల్‌కు పోసిన పునాది మీద పెరిగిన తరం ఆయనది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన రోజుల్లో ఆయన నిక్కర్లేసుకుని తిరిగే పిల్లాడు. తర్వాత కలకత్తా వెళ్లి, ఒకదానికొకటి పోటీ క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. అక్కడి సంగతి తెలిసిన వాళ్లకే అర్థమవుతుంది, ఆ మూడు చొక్కాలూ వేసుకుని మూడుచోట్లా మర్యాద నిలుపుకోవడం ఎంత కష్టమో. 1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా జట్టుకు కెప్టెన్. ఆ ఏడాదే అర్జున అవార్డు. ఆ తర్వాత కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్‌లో ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు టోర్నీల కప్పులూ తెచ్చిపెట్టారు. అదే సంవత్సరపు ద్రోణాచార్య అవార్డు ఆయనకు వచ్చింది. 2005లో పాకిస్తాన్‌లో జరిగిన శాఫ్ (దక్షిణాసియా దేశాల) టోర్నీ గెలిచిన ఇండియా జట్టుకు కోచ్ కూడా ఆయనే. కోచ్‌గా క్రమశిక్షణ విషయంలో ఎంత కఠినమో చెప్పే ముచ్చట్లు కలకత్తాలో ఎవరిని కదిపినా వస్తాయి.

సభకు అరవై మంది వస్తారని అరవై కుర్చీలు వేశాం. నూట పది మందికి పైగా వచ్చారు. ఇది మన సంఘం చరిత్రలో మొదటిసారి. గుడి కమిటీ వాళ్లు జంబుఖానాలు, మసీదు కమిటీ వాళ్లు కుర్చీలు పావుగంటలో సర్దారు. సభ ఫ్లెక్సీ సంగతి చెప్పకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. ఫ్లెక్సీ వేసిన అబ్బాయికి స్టాపర్ (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్) అని చెబితే ఏమనుకున్నాడో, ఫుట్‌బాల్ పక్కన మూడు వికెట్లు బొమ్మ పెట్టి తెచ్చాడు. టైమ్ లేదు. వికెట్ల మీద తెల్ల కాగితం అతికించి కట్టేశాం. గాలికి ఆ కాగితం మధ్యమధ్యలో లేచి వికెట్లు కనబడుతూనే ఉన్నాయి.

మొదట మాట్లాడింది పైన చెప్పిన రైల్వే రిటైర్డ్ సభ్యులే. ఆయన ప్రసంగం రాసుకుని రాలేదు. ఆరు కుర్చీలు ముందుకు లాగి, నాలుగు వెనక వరసలో, రెండు ముందు వరసలో పెట్టి, స్టాపర్ బ్యాక్ పని ఏమిటో చూపించారు. "ఫార్వర్డ్ తప్పు చేస్తే గోల్ మిస్సయింది అంటారు, పోనీలే అంటారు. స్టాపర్ తప్పు చేస్తే గోల్ పడింది అంటారు. పేరు పెట్టి తిడతారు" అన్నారు. బంతిని చూడాలా, మనిషిని చూడాలా, ఎప్పుడు దూకాలి, ఎప్పుడు దూకకుండా వెనక్కి నడవాలి, ఇవన్నీ కుర్చీల మధ్య నడుస్తూ చెప్పారు. వయసు డెబ్బై దాటింది. స్లైడింగ్ ట్యాకిల్ ఎలా ఉండాలో చూపిస్తానని ఎవరు వద్దన్నా వినకుండా జంబుఖానా మీద జారారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, కుర్చీ మాత్రం కదలకుండా బంతి ఒక్కటే పక్కకు పోయింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన భార్య మాత్రం కొట్టలేదు.

తర్వాత జరిగింది మనం ముందుగా అనుకోనిది. సంతోష్ ట్రోఫీ చూడ్డానికి కలకత్తా నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు లాడ్జి దగ్గర టీ కొట్లో మన ఉపాధ్యక్షులకు తగిలారు. ఆయన సభ సంగతి చెబితే ఆటో ఎక్కి వచ్చేశారు. అందులో పెద్దాయన మైకు పట్టుకుని, సగం హిందీ, సగం బంగ్లా కలిపి, "హమారా నయీమ్" అని మొదలుపెట్టారు. మా నయీమ్ అట! వెనక వరసలో కొందరికి కాస్త గుచ్చుకుంది. కానీ ఆయన మాట్లాడుతున్న కొద్దీ ఆ మాట ఆయనకే చెల్లుతుందని అర్థమైంది. నయీమ్ ట్యాకిల్‌కు వస్తున్నాడంటే ఫార్వర్డ్ బంతినా, కాలినా, ఏది కాపాడుకోవాలో అర సెకనులో తేల్చుకోవాల్సి వచ్చేదని, మైదానంలో ఆ చప్పుడు గ్యాలరీ దాకా వినబడేదని చెప్పారు. ఆ తర్వాత ఆయన మన వైపు తిరిగి ఒకే ప్రశ్న అడిగారు: మీ ఊళ్లో ఆయన పేరు మీద ఏముంది? గ్రౌండా, గేటా, కనీసం పిల్లల టోర్నమెంటా? ఎవరూ జవాబు చెప్పలేదు. అధ్యక్షులు గారు టీ తెప్పించమని నాకు సైగ చేశారు.

టీ తర్వాత 1970 సంగతి. మన సంఘం లైబ్రరీ బాధ్యుడు (లైబ్రరీ అంటే ఒక బీరువా) పాత ఉర్దూ, ఇంగ్లీషు పేపర్ కటింగుల ఆల్బమ్ ఒకటి తెచ్చారు. బ్యాంకాక్‌లో సెమీఫైనల్లో ఇండియా బర్మా చేతిలో 0–2తో ఓడింది. మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడింది. ఆ జపాన్ మామూలు జపాన్ కాదు. రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి వచ్చిన జట్టు. ఆ మ్యాచ్ ఇండియా 1–0తో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు వచ్చిన చివరి పతకం అదే. యాభై నాలుగేళ్లయింది.

ఆ ఒక్క గోల్ మంజీత్ సింగ్ కొట్టాడని అన్ని కాగితాల్లోనూ ఉంది. ఇక్కడ మన రైల్వే సభ్యులు మళ్లీ లేచారు. "ఒకటి మంజీత్‌ది, బాగుంది. మరి ఆ సున్నా ఎవరిది?" అన్నారు.

నేను ఆఫీసు జట్టులో పదకొండేళ్లు రైట్ బ్యాక్ (కుడి వైపు డిఫెండర్) ఆడాను. ఆ ప్రశ్న విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. స్కోరు షీటులో గోల్ కొట్టినవాడికి గడి ఉంది, నిమిషం రాయడానికి గడి ఉంది. పసుపు కార్డుకు, ఎర్ర కార్డుకు గడులున్నాయి. అంటే డిఫెండర్ పేరు ఆ కాగితం మీదికి ఎక్కాలంటే తప్పన్నా చెయ్యాలి, సొంత గోల్‌లోకన్నా కొట్టుకోవాలి. తొంభై నిమిషాలు ఎవరినీ రానివ్వలేదని రాయడానికి చోటు లేదు. హబీబ్ గారు 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టారు. ఆ మాట ఇప్పటికీ పిల్లలకు చెబుతాం, చెప్పాలి కూడా. కానీ బ్యాంకాక్‌లో అదే ఊరివాడైన నయీముద్దీన్, హబీబ్ గారు కూడా ఉన్న జట్టులో, వెనకాల నిలబడి చేసిన పనికి చెప్పుకోవడానికి కథ లేదు. తోటి డిఫెండర్ సుధీర్ కర్మాకర్‌తోనూ గోల్‌కీపర్‌తోనూ కలిసి పంచుకున్న ఆ సున్నా ఒక్కటే ఉంది.

చివరి అరగంట గొడవతో గడిచింది, ఆరోగ్యకరమైన గొడవే. పాత లీగుల్లో ఫార్వర్డ్‌గా ఆడిన ఒక సభ్యులు, ఆ రోజుల్లో బ్యాకులందరూ రఫ్ అని, ఇప్పుడైతే సగం మంది హాఫ్ టైమ్‌కే బయట కూర్చుంటారని అన్నారు. బ్యాకులందరూ ఒక్కసారిగా లేచారు. రఫ్ వేరు, టఫ్ వేరు అని ఒకరు, బంతికి ముందు కాలు తగిలితే ఫౌల్, కాలికి ముందు బంతి తగిలితే ట్యాకిల్ అని ఇంకొకరు. ఫార్వర్డ్ సభ్యులు ప్యాంటు పైకి లాగి పిక్క మీద మచ్చ చూపించి, "ఇది రఫ్ఫా, టఫ్ఫా చెప్పండి" అన్నారు. ఆ మచ్చ చేసినాయన మూడో వరసలోనే కూర్చుని ఉన్నారు. "మియాఁ, అది నేనే. బంతి నీ దగ్గర లేదు, అందుకే కాలు దొరికింది" అన్నారు. నలభై ఏళ్ల నాటి లెక్క ఆ సాయంత్రం తేలింది. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్లారు.

మన చుట్టుపక్కల లీగుల్లో బ్యాకులుగా ఆడిన పదకొండు మంది పెద్దలకు ఆ రోజు శాలువాలకు బదులు షిన్ గార్డులు ఇచ్చాం. మనవళ్లకు పనికొస్తాయని ఆలోచన. ఇద్దరు అక్కడే కాళ్లకు కట్టుకుని చూసుకున్నారు. వాళ్లలో ఎక్కువ మంది, తాము ఆడినప్పుడు ఇవి ఉంటే ఎంత బాగుండేదో అన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో బ్యాక్‌గా ఉన్న మన ఊరి అజీజుద్దీన్, హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ పేర్లు కూడా ఆ సందర్భంగా తలుచుకున్నాం. వచ్చే ఏడాది వాళ్ల మీద ఒక సాయంత్రం పెట్టాలని సభలోనే చేతులెత్తి ఒప్పుకున్నారు. చేతులెత్తిన వాళ్లను నేను లెక్కపెట్టాను, నలభై మూడు. ఏర్పాట్లకు ఎంతమంది వస్తారో చూద్దాం.

సభ సగం ఉర్దూలో, సగం తెలుగులో, అక్కడక్కడా బంగ్లాలో, తమిళంలో జరిగింది. నిబంధనావళి ప్రకారం నివేదిక తెలుగులో ఉండాలి కాబట్టి అందరి మాటలూ తెలుగులోకి వచ్చాయి. రుచి కొంత తగ్గింది, మన్నించాలి.

పిల్లల వేసవి శిబిరం. మే నెలలో ఇరవై ఒక్క రోజులు, ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు నడిచింది. యాభై రెండు మంది చేరారు, చివరిదాకా ముప్పై ఎనిమిది మంది నిలబడ్డారు, అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు. పీఈటీ మాస్టారు ఒక్క రూపాయి తీసుకోకుండా రోజూ వచ్చారు. రహీమ్ సాబ్ తన రోజుల్లో డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారని చదివి, మనం కూడా చివరి ఆదివారం ఎడమ కాలి మ్యాచ్ పెట్టాం. మొదటి పావుగంట పిల్లలు పడుతూ లేస్తూ నవ్వించారు. రెండో సగానికి ఆట మొదలైంది. ఎడమ కాలి వాటం పిల్లవాడు ఒకడున్నాడు, వాడిని కుడి కాలితో ఆడమన్నాం, ఇది అన్యాయం అని వాడి అమ్మ వచ్చి గొడవ పెట్టుకుంది. అందరూ ఫార్వర్డే కావాలన్నారు, అది మామూలే. డిసెంబరు సభకు వచ్చిన పిల్లల్లో ఇద్దరు మాత్రం తర్వాతి శిబిరానికి "నేను స్టాపర్" అని పేరు రాయించుకున్నారు. ఇది నాకు సభకన్నా ఎక్కువ సంతోషం.

గ్రౌండు. దీని గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిదని అధ్యక్షులు గారి అభిప్రాయం. అయినా సభ్యులకు తెలియాలి. మన పిల్లలు ఆడే గ్రౌండు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తామని ఏడాదిగా వింటున్నాం. ట్రాక్ వద్దని మనం అనలేదు. ట్రాక్ వేశాక మధ్యలో పెనాల్టీ బాక్సుకు చోటు మిగలాలని మాత్రమే అడిగాం. ఆ కాగితం పట్టుకుని సంబంధిత కార్యాలయానికి నేను ఆరుసార్లు, ఉపాధ్యక్షులు మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి సార్ మీటింగులో ఉన్నారు. రెండోసారి సార్ బదిలీ అయ్యారు. మూడోసారి కొత్త సార్ ఫైలు చూడలేదు. నాలుగోసారి మన దరఖాస్తు దొరకలేదు, మళ్లీ ఇవ్వమన్నారు. ఐదోసారి ఇచ్చాం. ఆరోసారి వెళితే, "మీరు క్రికెట్ వాళ్లేనా?" అని అడిగారు. ఆ ఫ్లెక్సీ నాకు గుర్తొచ్చింది. ఇప్పటికీ జవాబు లేదు. సున్నం గీతలు మనమే గీసుకుంటున్నాం, వాననీళ్లు మనమే తోడుకుంటున్నాం, రాత్రిపూట పగిలే సీసాల ముక్కలు శిబిరం రోజుల్లో పొద్దున్నే ఐదున్నరకు మనమే ఏరుకుంటున్నాం. మనమే అంటే పీఈటీ మాస్టారు, నేను, మెడికల్ షాపు యజమాని గారి అబ్బాయి. వాట్సాప్ గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. గ్లాసు ముక్కల ఫోటో పెడితే డెబ్బై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

వాలంటీర్ల విషయంలో ఇంకొక్క మాట రాసి ఆపుతాను. డిసెంబరు సభకు ఏర్పాట్ల కమిటీ పద్నాలుగు మందితో వేశాం. మొదటి మీటింగుకు పద్నాలుగు మందీ వచ్చి సమోసాలు బాగున్నాయన్నారు. రెండో మీటింగుకు ఆరుగురు. సభ రోజు మధ్యాహ్నం మూడింటికి నలుగురు. సభ మొదలయ్యాక ఫోటోల్లో మాత్రం పద్నాలుగు మందీ ఉన్నారు, ముందు వరసలో. ఎవరినీ నొప్పించాలని కాదు. పని ఉంటే రాలేనని చెప్పండి, తప్పు లేదు. నలుగురికి పంచిన పనిని నలుగురే చేస్తారు. పద్నాలుగు మందికి పంచినదాన్ని నలుగురు చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట తాడు తెగుతుంది. మైకు వైరు విషయంలో అదే జరిగింది.

జమాఖర్చులు. ఆడిటర్ గారి సంతకంతో పూర్తి పట్టిక హాల్లో గోడకు అంటించి ఉంది, ఇక్కడ క్లుప్తంగా. ప్రారంభ నిల్వ రూ. 12,650. చందాలు రూ. 35,400 (సభ్యులు 163, చందా ఇచ్చినవారు 118). విరాళాలు రూ. 41,000. మొత్తం రూ. 89,050. ఖర్చులు: డిసెంబరు సభ రూ. 38,200, వేసవి శిబిరం రూ. 27,500, బంతులు, నెట్లు, సున్నం, గ్రౌండు పనులు రూ. 14,300, ముద్రణ, పోస్టు, ఇతరాలు రూ. 3,900. ముగింపు నిల్వ రూ. 5,150. బస్సులకు సంఘం డబ్బు వాడలేదు, ఎక్కినవాళ్లే పంచుకున్నారు, తక్కువ పడింది పైన చెప్పాను. సభకు ముప్పై ఎనిమిది వేలా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. షామియానా, సౌండు, టీ, ఉస్మానియా బిస్కెట్లు, షిన్ గార్డులు, హాలు అద్దె, ఫ్లెక్సీ. ఫ్లెక్సీకి సగమే ఇచ్చాం. ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు, బిల్లులు ఆయన సంచీలో ఉన్నాయి. చందా ఇవ్వని నలభై ఐదు మంది ఈ రోజే ఇవ్వగలరు, రసీదు పుస్తకం కూడా అదే సంచీలో ఉంది.

కృతజ్ఞతలు. హాలును సగం అద్దెకు ఇచ్చిన కాలనీ సంక్షేమ సంఘానికి, జంబుఖానాలు ఇచ్చిన గుడి కమిటీకి, కుర్చీలు ఇచ్చి మర్నాడు వాళ్లే వచ్చి తీసుకెళ్లిన మసీదు కమిటీకి, తెగిన వైరును ఐదు నిమిషాల్లో అతికించిన సౌండు కుర్రాడికి, నూట పది మందికి సరిపోయేలా టీలో పాలు కలుపుతూ వచ్చిన ఇరానీ హోటల్ మాస్టరుకు, శిబిరంలో పిల్లలకు రోజూ అరటిపళ్లు పంపిన మూడో వీధి కిరాణా షాపు అమ్మగారికి, దెబ్బలకు ఉచితంగా మందు, బ్యాండేజీ ఇచ్చిన మెడికల్ షాపు వారికి, ఉర్దూ కటింగులు చదివి తెలుగులో చెప్పిన మాస్టారుకు, ఆ ఆల్బమ్‌ను నలభై ఏళ్లు చెదలు పట్టకుండా దాచిన ఆయన అత్తగారికి, కలకత్తా అతిథులిద్దరికి, చిరిగిన ప్యాంటు గురించి సంఘాన్ని నష్టపరిహారం అడగని రైల్వే సభ్యుల శ్రీమతి గారికి, మాకు ఇంట్లో తిట్లు తక్కువగా పెట్టిన కార్యవర్గ సభ్యుల కుటుంబాలకు, ఈ నివేదిక టైపు చేసిన మా అమ్మాయికి. అక్షర దోషాలుంటే నావి.

ఈ రోజు సమావేశం ముందుకు మూడు తీర్మానాలు వస్తాయి. ఒకటి, వచ్చే వేసవి నుంచి శిబిరం చివర పెట్టే పిల్లల టోర్నీలో గోల్స్ కొట్టినవారికి ఇచ్చే కప్పుతో పాటు మంచి డిఫెండర్‌కు కూడా ఒక కప్పు ఇవ్వాలని, దానికి నయీముద్దీన్ పేరు పెట్టడానికి అనుమతి కోరాలని. కలకత్తా పెద్దాయన అడిగిన దానికి ఇది పూర్తి జవాబు కాదు, కానీ ఏదో ఒక జవాబు. రెండు, మన టోర్నీ స్కోరు షీటులో ఒక గడి అదనంగా చేర్చాలని. అందులో ఏం రాయాలో, ఎలా లెక్కపెట్టాలో పీఈటీ మాస్టారు, రైల్వే సభ్యులు, ఆ మచ్చ ఉన్న ఫార్వర్డ్ గారు కలిసి తేల్చి చెప్పాలి. ముగ్గురికీ ఇప్పటిదాకా రెండు మీటింగులయ్యాయి, కుదరలేదు. మూడు, చందా రూ. 300 నుంచి రూ. 400కు పెంచాలని.

కార్యవర్గ ఎన్నికలు ఎజెండాలో చివరి అంశం. కార్యదర్శి పదవికి నేను మళ్లీ నిలబడటం లేదని కిందటేడే చెప్పాను. ఇంతవరకు ఎవరూ నామినేషన్ వెయ్యలేదు. ఫారాలు నా దగ్గర ఉన్నాయి.

సమావేశం అయ్యాక కుర్చీలు మడతపెట్టి మసీదు గేటు దగ్గర పెట్టాలి. కనీసం ఆరుగురు ఆగాలని మనవి. కిందటేడు ఇద్దరమే ఆగాం.

ఇట్లు,
కార్యదర్శి